గ్రూప్‌లో ఆరుగురం, పని చేసేది నేనొక్కదాన్నే

ప్రశ్న: సార్, నేను డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థినిని. స్టాటిస్టిక్స్‌లో మా లెక్చరర్ ఆరుగురేసి చొప్పున గ్రూపులు చేశారు. వారానికో లెక్కల సెట్ అందరం కలిసి చేసి పెట్టాలి, సెమిస్టర్ చివర ప్రెజెంటేషన్ ఇవ్వాలి. మార్కులు గ్రూప్ మొత్తానికీ ఒకటే. మొదటిరోజే నేను వాట్సాప్ గ్రూప్ పెట్టాను, గూగుల్ డాక్స్‌లో ఫైల్ తెరిచి అందరికీ లింకు పంపాను. మొదటి వారం గ్రూప్ నిండా జోకులు, మీమ్‌లు, ఎవరిదో పుట్టినరోజు హడావుడి. అసలు లెక్కలు ఎక్కడో పైకి వెళ్లిపోయేవి. విసుగొచ్చి ‘ఇక్కడ చదువు సంగతులు తప్ప వేరేవి పెట్టొద్దు’ అని రాశాను. అప్పటినుంచి గ్రూప్‌లో చప్పుడు లేదు. ఏదైనా అడిగితే అందరూ చూసినట్టు నీలి టిక్కులు పడతాయి, ఒకరిద్దరు బొటనవేలు గుర్తు పెడతారు, అంతే. ఒకసారి ఒక అబ్బాయి ‘పి-విలువ 0.03 వచ్చింది కాబట్టి మన ఊహ నిజమయ్యే అవకాశం 97 శాతం’ అని రాశాడు. అది తప్పని మూడు మెసేజ్‌లలో మర్యాదగానే వివరించాను. ఆ తర్వాత అతను ఒక్క మాట రాయలేదు. లైబ్రరీలో కూర్చున్నా అంతే. ఆరుగురం ఆరు ఫోన్లలో అదే ఫైల్ తెరుచుకుని తలలు వంచుకుని చూస్తుంటాం. చివరికి సబ్మిషన్ ముందు రాత్రి మొత్తం నేనే చేస్తున్నాను. మొన్న ఒక ఫ్రెండ్ ‘నువ్వున్నావుగా, మాకేం టెన్షన్’ అంది. ఇంటికొచ్చి ఏడ్చాను. లెక్చరర్‌కి చెప్పేయమంటారా? ఒక్కదాన్నే విడిగా చేసుకుంటానని అడగనా? అసలు ఈ ఫోన్ల వల్లే ఇదంతానా?

— ఒక విద్యార్థిని

సమాధానం: సార్ అన్నావు కాబట్టి చనువు తీసుకుని ‘నువ్వు’ అనే రాస్తాను. మూడు ప్రశ్నలడిగావు. లెక్చరర్‌కి చెప్పాలి, కానీ ఇప్పుడే కాదు, నువ్వనుకుంటున్న మాట కూడా కాదు. విడిగా చేసుకుంటానని అడగొద్దు. ఇక ఫోన్లంటావా, వాటి తప్పు కొంత ఉంది. అది నువ్వు వెతుకుతున్న చోట లేదు.

నీ ఉత్తరంలో ‘అప్పటినుంచి’ అని ఒక మాట ఉంది. రాసేటప్పుడు నువ్వు గమనించావో లేదో. గ్రూప్ నోరు మూసుకున్నది బద్ధకం పెరిగిన రోజున కాదు, లెక్కలు కష్టమైన రోజున కాదు, నువ్వు రూలు పెట్టిన రోజున. జోకులు ఆగితే చదువు మొదలవుతుందనుకున్నావు. జోకులతోపాటే మాటా ఆగిపోయింది.

ఇది నీ ఒక్కదానికే జరిగింది కాదులే. 2003లో నెదర్లాండ్స్‌లో పనిచేసే క్రైన్స్, కిర్ష్నర్, యోకెమ్స్ అనే ముగ్గురు పరిశోధకులు, కంప్యూటర్ల ద్వారా కలిసి చదువుకునే చోట జనం మధ్య మాటలు ఎందుకు సాగవో వివరిస్తూ ఒక వ్యాసం రాశారు. అందులో రెండు గోతుల గురించి చెప్పారు. మాట్లాడుకునే సౌకర్యం ఇచ్చేశాం కాబట్టి ఇక వాళ్లే మాట్లాడుకుంటారులే అనుకోవడం మొదటిది. మాటంటే చదువు మాటే, మిగతాదంతా కాలక్షేపం అనుకోవడం రెండోది. అప్పటికి ఇప్పటిలాంటి స్మార్ట్‌ఫోన్లు లేవు, వాట్సాప్ లేదు. అయినా నీ ఉత్తరం చదువుతుంటే వాళ్లు మీ గ్రూప్‌ని చూసే రాశారా అనిపించింది. లింకు పంపిన రోజు మొదటి గోతిలో పడ్డావు, రూలు పెట్టిన రోజు రెండోదాంట్లో.

నేను మొదటి గోతిలో ఏళ్ల తరబడి ఉన్నవాణ్ణి కాబట్టి నిన్ను తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఫిజిక్స్ చెప్పే రోజుల్లో ఒకసారి నలుగురికో ట్యాబ్ ఇచ్చి ‘కలిసి చేయండి’ అన్నాను. క్లాసంతా బుద్ధిగా ఉంటే మురిసిపోయాను. తర్వాత ఒక అమ్మాయి చెప్పింది: ట్యాబ్ ఎవరి ఒళ్లో ఉంటే ఆ పీరియడ్‌కి వాళ్లదే రాజ్యమట. తను కూర్చున్న చోటినుంచి స్క్రీన్ కనిపించక, గంటసేపు పక్కవాడి మోచెయ్యి చూస్తూ కూర్చుందట. ఆ గ్రూప్‌కి నేను ‘చక్కగా కలిసి పనిచేశారు’ అని రాసి మార్కులు వేశాను.

సరే, మీమ్‌ల దగ్గరికి వద్దాం. ‘నాకు ఇది అర్థం కాలేదు’ అని ఐదుగురి ముందు అనడం చిన్న విషయం కాదు. ఆ మాట అనేముందు ఎవరైనా లోపల లెక్కేసుకుంటారు. వీళ్లు నవ్వుతారా? స్క్రీన్‌షాట్ తీసి ఇంకెవరికైనా పంపుతారా? ఈ లెక్క తేలాలంటే ముందు కొన్ని పనికిమాలిన మాటలు నడవాలి. ఎవరో ఒక చచ్చు జోకు వేస్తారు, ఇంకొకరు నవ్వుతారు. ‘ఓహో, ఇక్కడ తప్పు మాట్లాడినా ఫర్వాలేదు’ అని మూడోవాడికి తెలుస్తుంది. కాలేజీలో ఈ పని వరండాలోనో, క్లాసు మొదలయ్యేముందు ఐదు నిమిషాల్లోనో దానంతటదే అయిపోతుంది. ఫోన్‌లో వరండా లేదు. ఉన్న ఒక్క గదికీ నువ్వు ‘నిశ్శబ్దం పాటించుడు’ అని బోర్డు తగిలించావు.

కాబట్టి ఆ రూలు ఎత్తేయి. ‘నేటినుంచి రూలు రద్దు’ అని ప్రకటన మాత్రం చేయకు, అదింకా నవ్వులపాలు. నువ్వే ఒక పనికిమాలిన సంగతి పెట్టు చాలు. లెక్కలు పైకి వెళ్లిపోతాయన్న నీ బాధ నిజమైనదే, దానికి మందు వేరే ఉంది. చాటింగ్‌లో పని పెట్టడమే అసలు పొరపాటు. మాటలు గ్రూప్‌లో ఉండనీ, పని నువ్వు తెరిచిన గూగుల్ డాక్‌లో ఉండనీ. సబ్మిషన్ తేదీ, డాక్ లింకు కలిపి ఒకే మెసేజ్‌గా రాసి పైన పిన్ చెయ్యి, గడువు తీరితే మళ్లీ పిన్ చెయ్యి. వంద మీమ్‌లు వచ్చిపడినా అది కదలదు.

ఇక ఆ 97 శాతం అబ్బాయి. నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఈ ముక్కే.

అతను చేసిన తప్పు చిన్నాచితకాది కాదు, చాలా పేరున్న తప్పు. పి-విలువ 0.03 అంటే, మనం పోలుస్తున్న వాటి మధ్య అసలు తేడా ఏమీ లేదనుకుంటే, మనకు కనిపించినంత తేడా గానీ, అంతకంటే ఎక్కువ గానీ రావడానికి అవకాశం 3 శాతం అని. మన ఊహ నిజమయ్యే అవకాశం గురించి అది ఏమీ చెప్పదు. ఈ రెండిటినీ కలిపేసుకోవడం ఎంత మామూలైపోయిందంటే, 2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ పనిగట్టుకుని పి-విలువల మీద ఒక ప్రకటనే విడుదల చేసింది. పరిశోధనా పత్రాలు రాసే పెద్దవాళ్లే పడే చోట మీ స్నేహితుడు పడ్డాడు. పైగా ధైర్యంగా, అందరికీ కనిపించేలా పడ్డాడు. సెమిస్టర్ మొత్తంలో మీ గ్రూప్ చేతికి దొరికిన మంచి అవకాశం అది. ‘97 ఎలా తెచ్చావు?’ అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే, ‘వందలోంచి మూడు తీసేశాను’ అనేవాడు. ‘ఆ మూడు దేనిలో మూడు?’ అని ఇంకొకరు అడిగేవాళ్లు. అప్పుడు మిగతా నలుగురిలో కనీసం ఇద్దరు తామూ అలాగే అనుకుంటున్నామని ఒప్పుకునేవాళ్లు. బొటనవేలు గుర్తు పెట్టినవాళ్ల లోపల ఏముందో నీకు తెలియదుగా.

నువ్వేం చేశావంటే, మూడు మెసేజ్‌లలో జవాబు పూర్తిచేసి తలుపు వేసేశావు. మర్యాదగానే రాశానన్నావు, నమ్ముతాను. కాకపోతే రాసేటప్పుడు నీ గొంతు నీకు వినిపిస్తుంది, చదివేవాడికి వినిపించదు. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ తదితరులు కొన్ని ప్రయోగాలు చేశారు. కొందరి చేత వెటకారంగా కొన్ని మాటలు, మామూలుగా కొన్ని మాటలు ఈమెయిల్లో రాయించారు. అవతలివాళ్లు తేడా ఇట్టే కనిపెడతారని రాసినవాళ్ల ధీమా. తీరా చూస్తే బొమ్మా బొరుసా వేసి చెప్పినదానికంటే పెద్ద మెరుగేమీ లేదు. ఫోన్‌లో వరుసగా మూడు పొడుగాటి మెసేజ్‌లు, పైగా అడ్మిన్‌నుంచి, నలుగురు చూస్తుండగా. అతనికి అందులో మర్యాద కనిపించి ఉండకపోవచ్చు.

ఇంకో సంగతి. ఆ మూడు మెసేజ్‌ల వల్ల నేర్చుకున్నది ఎవరు? నువ్వే. చిన్న గ్రూపుల్లో పిల్లలు ఎలా నేర్చుకుంటారో నోరీన్ వెబ్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1980ల నుంచి పరిశీలిస్తూ వచ్చారు. వివరంగా చెప్పేవాళ్లకు ఆ చెప్పడం వల్ల లాభం కలుగుతుంది, ఉత్త జవాబు మాత్రం అందుకునేవాళ్లకు ఏమీ కలగదు అన్నది ఆమె పరిశీలనల్లో మళ్లీమళ్లీ కనిపించే సంగతి. అంటే మీ ఆరుగురిలో ఆ లాభమంతా నువ్వొక్కదానివే తీసుకుంటున్నావు. నువ్వు ఏడ్చిన మాట నిజమే, ఇదీ నిజమే.

ఇప్పుడు మిగతా ఐదుగురి వంతు. వాళ్లు బద్ధకస్తులే అనుకుందాం కాసేపు. బద్ధకమైనా ఉట్టినే రాదు. 1979లో లాటనే, విలియమ్స్, హార్కిన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల చేత గట్టిగా చప్పట్లు కొట్టించి, కేకలు వేయించి, ఆ శబ్దాన్ని కొలిచారు. ఆరుగురు కలిసి చేసినప్పుడు ఒక్కొక్కరి వాటా, ఒంటరిగా చేసినప్పటి శబ్దంలో సుమారు 40 శాతానికి పడిపోయింది. కొంత తగ్గుదల అందరి చప్పుడూ ఒకేసారి కలవకపోవడం వల్ల. కానీ కళ్లకు గంతలు కట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, పక్కన ఇంకొందరున్నారని నమ్మించి ఒంటరిగా అరిపించినా జోరు తగ్గింది. తన శబ్దం విడిగా ఎవరికీ తెలియదనుకుంటే మనిషి తెలియకుండానే గొంతు తగ్గించేస్తాడు. ఎవరి వాటా వాళ్లకు కొలుస్తున్నారని తెలిస్తే ఈ తగ్గుదల పోతుందని వాళ్లే తర్వాత చూపించారు. ఆరుగురి గ్రూప్‌లో ‘నాలుగో లెక్క ఎవరు చేస్తారు?’ అని అడిగితే ఆ ప్రశ్న ఎవరిదీ కాదు. అందరూ చూస్తారు, అందుకే అన్ని నీలి టిక్కులు.

దీనికి రెండో కొస నీ చేతిలో ఉంది. ఎదుటివాళ్లు చేయరని గట్టిగా నమ్మినవాళ్లు, పని తమకు ముఖ్యమైతే, మామూలుకంటే ఎక్కువ చేస్తారు. విలియమ్స్, కారౌ 1991లో ఇదీ చూపించారు. వాళ్లు చేయరని నువ్వు చేస్తున్నావు, నువ్వు చేస్తావని వాళ్లు చేయడం లేదు. ‘నువ్వున్నావుగా’ అన్న నీ ఫ్రెండ్‌లో కపటం ఉందని నేననుకోను. కళ్లముందు నడుస్తున్నది నడుస్తున్నట్టు చెప్పింది.

అయితే మౌనమంతా బద్ధకం కాదు. ఒకసారి నీ ఫోన్‌లోనే ‘సిగ్మా బై రూట్ ఎన్’ అనే సూత్రం గుర్తులతో టైప్ చేసి చూడు. కీబోర్డు సగం స్క్రీన్ మింగేస్తుంది, గుర్తులు దొరకవు, దొరికేలోగా ఏం అడగాలనుకున్నామో మరచిపోతాం. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తూ మధ్యలో సూత్రాలు ఇరికించాలంటే ఎవరికైనా ‘ఎందుకొచ్చిన గొడవ, రేపు అడుగుదాంలే’ అనిపిస్తుంది. ఆ రేపు రాదు. ఆరుగురిలో ఎవరికో డేటా రోజూ సాయంత్రానికే అయిపోతుండవచ్చు. ఎవరి ఫోనో ఇంట్లో ఇద్దరు ముగ్గురి చేతుల్లో తిరుగుతుండవచ్చు. డాక్ తెరిస్తే ఫోన్ హ్యాంగ్ అయిపోతుండవచ్చు. ఇవి గ్రూప్‌లో అడిగితే ఎవరూ చెప్పరు, ఒక్కొక్కరిని పక్కన కూర్చున్నప్పుడు అడగాలి.

టైపింగ్ బాధకు మాత్రం సులువైన ఉపాయం ఉంది. లెక్క కాగితం మీద చేసి, ఫొటో తీసి, ఆగిపోయిన చోట ఎర్రగా సున్నా చుట్టి పంపమను. దాని కింద ముప్పై నలభై సెకన్ల వాయిస్ మెసేజ్: ‘ఇక్కడిదాకా వచ్చాను, ఈ ఎన్ ఎందుకు రూట్ కిందికి వెళ్లిందో తెలియట్లేదు.’ గొంతులో అనుమానం వినిపిస్తుంది, భయం వినిపిస్తుంది, నవ్వు వినిపిస్తుంది. మెసేజ్‌లో పోయేవన్నీ ఇందులో మిగులుతాయి. నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్‌లు మాత్రం వద్దు, వాటిని ఎవరూ చివరిదాకా వినరు, నాతో సహా. చివరికి తేలిన సంగతి ఒక్క వాక్యంగా డాక్‌లోకి ఎక్కాలి. వాయిస్‌లో ఉన్నది వారం తర్వాత వెతికితే దొరకదు.

ఇప్పుడు అసలు పని. ఆరుగురిని ఆరుగురిగా ఉంచకు, మూడు జతలు చెయ్యి. జతలో దాక్కోవడం కష్టం. నీకు బాగా దగ్గరైన ఫ్రెండ్‌తో నువ్వు జత కట్టకు, ఆ 97 శాతం అబ్బాయితో కట్టు.

జతలు చేసినంత మాత్రాన లెక్కల్ని మూడు వాటాలుగా కోసి పంచేస్తే మళ్లీ మొదటికే వస్తారు. ఎవరి ముక్క వాళ్లు చేసి చివర్లో అతికిస్తే పని పంచుకున్నట్టే గానీ కలిసి చదివినట్టు కాదు. దీని గురించి ఆలోచించినప్పుడల్లా నాకు చిలీ దేశంలో సురీతా, నుస్‌బామ్ చేసిన ప్రయత్నం గుర్తొస్తుంది. 2004లో దాని వివరాలు ప్రచురించారు. ఆరేడేళ్ల పిల్లల్ని ముగ్గురేసి చొప్పున కూర్చోబెట్టి, ఒక్కొక్కరికీ చేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్ ఇచ్చి, వాటిని వైర్లు లేకుండా కలిపారు. కిటుకంతా ఎక్కడుందంటే, ముగ్గురూ ఒకే జవాబుకు ఒప్పుకుంటే తప్ప యంత్రం ముందుకు కదలదు. తెలిసిన పిల్లాడు చటుక్కున జవాబు నొక్కి ముందుకుపోవడానికి వీల్లేదు. మిగతా ఇద్దరికీ చెప్పి ఒప్పించాలి. యంత్రం వాళ్లకు పాఠం చెప్పలేదు, మాట్లాడుకోక తప్పని పరిస్థితి తెచ్చిపెట్టింది. నీ వాట్సాప్‌లో అలాంటి అడ్డు లేదు. ఎవరో ఒకరు జవాబు పెట్టేయవచ్చు, మిగతావాళ్లు బొటనవేలు ఎత్తవచ్చు. ఫోన్ల తప్పు కొంత ఉందన్నది ఇక్కడే.

ఆ అడ్డు మీరే పెట్టుకోవాలి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 ప్రాంతంలో మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది, మీకు బాగా సరిపోతుంది. ప్రశ్న ఇస్తాడు. ఎవరితోనూ మాట్లాడకుండా ఎవరి జవాబు వాళ్లు ఎంచుకోవాలి. తర్వాత, వేరే జవాబు ఎంచుకున్నవాణ్ణి వెతుక్కుని ఒప్పించే ప్రయత్నం చేయాలి. ఆపైన మళ్లీ ఓటు. ‘తెలిసినవాడు చెబితే తెలియనివాడు ఒప్పుకుంటాడు, అంతేగా’ అనిపిస్తుంది. 2009లో ‘సైన్స్’ పత్రికలో కొలరాడో యూనివర్సిటీ వాళ్ల అధ్యయనం ఒకటి వచ్చింది, జెనెటిక్స్ క్లాసులో చేసింది. చర్చకు ముందు గ్రూప్‌లో ఒక్కరికీ సరైన జవాబు తెలియని చోట కూడా, చర్చ తర్వాత అలాంటిదే కొత్త ప్రశ్న ఇస్తే కొందరు సరిగ్గా చేశారు. కాబట్టి మీలో తెలిసినవాళ్లు లేకపోయినా ఫర్వాలేదు. తెలిసిన దానివి నువ్వు ఉండి, అందరికంటే ముందు నోరు విప్పడమే ఇక్కడ చిక్కు.

ఫోన్‌లో దీన్ని ఇలా చేసుకోవచ్చు. వారానికి రెండే లెక్కలు తీసుకోండి, చిక్కువి. ఎవరికి వాళ్లు కాగితం మీద చేసుకుని, అనుకున్న టైముకి, రాత్రి తొమ్మిదంటే తొమ్మిదికి, ఆరుగురూ ఒకేసారి ఫొటో పెట్టాలి. తప్పైనా సరే, సగమైనా సరే. వాట్సాప్ పోల్ పెడితే సులువు కదా అంటావేమో. పోల్‌లో ఎవరు దేనికి ఓటేశారో అందరికీ కనిపిస్తుంది, నువ్వు వేశాక మిగతా ఐదూ దానిమీదే పడతాయి. ఒకేసారి ఫొటోలు పడితే ఆ అవకాశం ఉండదు. జవాబులు వేరుగా ఉన్న ఇద్దరు పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడుకోవాలి. మాట్లాడాక జవాబు మార్చుకున్నవాళ్లు, ఎందుకు మార్చుకున్నారో డాక్‌లో ఒక్క వాక్యం రాయాలి. సరైన జవాబుకంటే ఆ వాక్యం ముఖ్యం.

ఇంగ్లండ్‌లో నీల్ మెర్సర్ అనే ఆయన, బడిపిల్లలు కలిసి పనిచేసేటప్పుడు మాట్లాడుకునే మాటల్ని ఏళ్ల తరబడి రికార్డు చేసి విన్నాడు. అవి మూడు రకాలన్నాడు. వాదులాట: ‘నాదే కరెక్ట్, నీది తప్పు.’ తలూపుడు: ‘సరే, అలాగే, రాసేయి.’ మూడోది అన్వేషణ: ‘ఎందుకంటావు? ఇలా అయితే ఏమవుతుంది?’ మూడో రకం ఎక్కడుందో పట్టుకోవడానికి ఆయన బృందం ‘ఎందుకంటే’, ‘నాకనిపిస్తోంది’ లాంటి మాటలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టింది. నువ్వూ మీ గ్రూప్ చాట్‌లో వెతికి చూడు, నెల రోజుల్లో ‘ఎందుకంటే’ ఎన్నిసార్లు వచ్చిందో. నీ మూడు మెసేజ్‌లలో తప్ప ఎక్కడా ఉండదని నా పందెం. బొటనవేలి గుర్తులో ‘ఎందుకంటే’ ఇమడదు.

లైబ్రరీ సంగతి తొందరగా చెప్పేస్తాను. ఆరు ఫోన్లలో నాలుగు సంచుల్లోకి పోవాలి. ఫోన్ చెడ్డదని కాదు, ఆ స్క్రీన్ అరచేతిలోది, ఒక్కరికే కనిపిస్తుంది. ఎవరి స్క్రీన్ వాళ్లు చూస్తుంటే ఎదుటివాడు ఎక్కడ చూస్తున్నాడో, ఎక్కడ మొహం చిట్లించాడో తెలియదు. ‘ఇదిగో, ఇది’ అని వేలు పెట్టి చూపించడానికి మధ్యలో ఏదీ లేదు. బల్ల మధ్యలో ఒక పెద్ద కాగితం పరవండి, రెండు పెన్నులు చాలు. పెన్ను పట్టుకున్నవాళ్లు సొంతంగా ఏమీ రాయకూడదు, పక్కవాళ్లు చెప్పింది రాయాలి. లెక్క మారగానే పెన్ను చేతులు మారాలి. మిగిలిన రెండు ఫోన్లలో ఒకటి పుస్తకం చూడటానికి, ఇంకొకటి చివర్లో ఆ కాగితం ఫొటో తీసి డాక్‌లో పెట్టడానికి. నీకు ఒక ప్రత్యేకమైన శిక్ష: మొదటి పదిహేను నిమిషాలు జవాబులు చెప్పకూడదు, ప్రశ్నలు మాత్రమే అడగాలి. కష్టంగా ఉంటుంది. నాకు ముప్పై ఏళ్ల పాఠాల తర్వాత కూడా కష్టంగానే ఉంది.

సబ్మిషన్ ముందు రాత్రి నువ్వు చేసే పని కూడా ఆపాలి. చెప్పకుండా ఆపితే పగ తీర్చుకున్నట్టుంటుంది. ఒక్కసారి, నోటితో, అందరూ ఉన్నప్పుడు చెప్పు: ‘ఈ వారం నుంచి ఎవరి వంతు ఖాళీగా ఉంటే అది ఖాళీగానే వెళ్తుంది, నేను నింపను.’ తర్వాత మాట మీద నిలబడు. ఒక వారం మార్కులు పోతాయి, నీవి కూడా పోతాయి. ఒక లెక్కల సెట్‌లో పోయే మార్కులకు నీ కొంప మునగదు. డాక్‌లో ఎవరు ఎప్పుడు ఏం రాశారో వెర్షన్ హిస్టరీలో కనిపిస్తుంది, అది తీసి ఎవరికీ చూపించకు. పోలీసు పని మొదలుపెడితే మిగిలిన ఆ కాస్త మాటా పోతుంది.

రెండు మూడు వారాలు ఇలా చేసి చూసి, అప్పుడు లెక్చరర్ దగ్గరికి వెళ్లు. ‘వాళ్లు చేయట్లేదు సార్’ అనొద్దు. ‘ప్రతి వారం మా గ్రూప్‌లో ఎవరో ఒకరిని, ఎవరో ముందు చెప్పకుండా, లేపి ఒక లెక్క వివరించమనండి, గ్రూప్ మార్కు దాన్నిబట్టి వేయండి’ అని అడుగు. లేచేది ఎవరో తెలియనప్పుడు ఆరుగురికీ అర్థమయ్యేదాకా అందరూ ఆగాల్సిందే. నీకు మార్కులే కావాలంటే కూడా ఆ పక్కవాడికి అర్థమవ్వాలి. చిలీలో ఆ చిన్న యంత్రం చేసిన పని ఇక్కడ మీ లెక్చరర్ ప్రశ్న చేస్తుంది. ఆయన ఒప్పుకోకపోతే ఒప్పుకోడు, అప్పుడు మళ్లీ రాయి.

ఇవన్నీ చేసినా ఒకరిద్దరు కదలకపోవచ్చు. ఆరుగురిలో నలుగురు మాట్లాడుతున్నారంటే మంచి గ్రూప్ అనే అంటాను నేను.

మొదట ఆ అబ్బాయితో మొదలుపెట్టు. ఈరోజే, మెసేజ్ పెట్టకుండా ఫోన్ చెయ్యి. ‘నేనేమైనా నొప్పించి ఉంటే’ అని నసగొద్దు. ‘ఆరోజు నువ్వు చెప్పేది పూర్తిగా వినకుండానే రాసేశాను’ అను, జరిగింది అదే కదా. ఆ 97 ఎలా తెచ్చాడో అడుగు. చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో అందుకోకు.